కొన్నదా, కౌలుకు తీసికొన్నదా?



ఈ సంచికలో మేము వ్రాయదలచినది పైకి చూచుటకు చిన్న సంగతి. చేతిఫోనులో ఉండే ఒక యాప్, దాని వెల, దానిపై మన సంఘములలో ఒకదానిలో లేచిన తగవు. ఇది సంఘ పత్రికకు తగిన విషయమా అని మాలోనే ఒకరు అడిగినారు. తగినదేనని మేము ఎందుకు తలంచినామో, చదివిన తరువాత మీరే చెప్పగలరు.

ఒడిషాలోని ఆ సంఘమునకు రెండు తరముల నాటి రిజిస్టర్లు మూడు ఉండేవి. బాప్తిస్మములది ఒకటి, వివాహములది ఒకటి, సమాధులది ఒకటి. రైల్వే పనికని, కూలి పనికని అక్కడికి చేరిన మన పెద్దలకు ఊరిలో పొలము లేదు, పట్టా లేదు; తాము ఎవరమో చెప్పుకొనుటకు ఆ మూడు పుస్తకములే ఆధారము. 2017లో పుటలకు చెదలు పట్టుట చూచి యౌవనస్థులు ఇద్దరు ప్రతి పుటను ఫోనులో ఫోటో తీసి, ఒక యాప్‌లో పేర్ల వారీగా, సంవత్సరముల వారీగా అమర్చినారు. ఆ యాప్‌ను ఊరకే తీసికొనలేదు. డీకన్లు కూడి తీర్మానము చేసి, సంఘ ఖాతాలోనుండి వెల చెల్లించి కొన్నారు. ఒక్కసారి చెల్లించిన చాలును, ఎప్పటికీ మీదే అని దానిలో వ్రాసియున్నది. మరుసటి సంవత్సరము, 2018 అక్టోబరులో, తిత్లీ తుఫానుకు గుడి వెనుక గది రేకులు లేచిపోయినవి. ట్రంకుపెట్టెలోనికి నీళ్లు దిగి మూడు పుస్తకములు తడిసి ముద్దలైపోయినవి. అప్పటినుండి ఆ యాప్‌లో ఉన్నదే రిజిస్టరు.

కొన్ని నెలల క్రితము ఆ సంఘములోని ఒక అమ్మగారు కార్యదర్శిగారి యొద్దకు వచ్చినారు. రైల్వేలో పనిచేసి రిటైరయిన ఆమె భర్త ప్రభువునందు నిద్రించినారు. పెన్షను కాగితములలో ఆమె పేరు ఒకచోట ఒకలాగు, మరొకచోట మరొకలాగు ఉన్నది. వివాహమైన రుజువు తెమ్మని ఆఫీసువారు అడిగినారు. కార్యదర్శిగారు ఫోను తెరిచి ఆమె వివాహపు పుట కొరకు వెదకినారు. పేరు కనబడినది గాని పుట తెరుచుకొనలేదు. దాని స్థానములో, ఇకమీదట ఈ యాప్ సంవత్సర చందా పద్ధతిలో నడుచును, చెల్లించినయెడల మీ పత్రములన్నియు తెరువబడును అని వచ్చినది. పాత కొనుగోలుదారులమని వ్రాసినా జవాబు రాలేదు. చివరకు ఆయన తన జేబులోనుండి చందా కట్టి, పుట తెరిచి, సర్టిఫికెటు వ్రాసి ఇచ్చినారు. ఆమె పని జరిగినది.

పని జరిగినది గాని మాట మిగిలినది. ఆ వచ్చే ఆదివారము ఆరాధన అయిన తరువాత చెట్టు క్రింద పెద్ద చర్చ. వయసులో పెద్దవారైన డీకనుగారు, “ఇది దొంగతనము. ఇల్లు అమ్మినవాడు ఏడేండ్లకు తిరిగివచ్చి నెలనెలా అద్దె ఇయ్యమని గుమ్మములో నిలబడితే దానిని మనమేమంటాము?” అన్నారు. సెలవులకు బెంగళూరునుండి వచ్చిన వారి మనుమడి వరుస కుర్రవాడు అక్కడే ఉన్నాడు. అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగము. “కోపగించుకోకండి తాతగారూ. మేమూ అటువంటివే తయారు చేస్తాము. ఒకసారి మీరిచ్చిన డబ్బుకు ఏడేండ్లు పని చేసినారు వాళ్లు. మన పాస్టరుగారికి ఒక్క నెల జీతమిచ్చి ఏడేండ్లు వాక్యము చెప్పమని అడుగుతామా?” అన్నాడు. అందరూ నవ్వినారు. పాస్టరుగారు అందరికంటె ఎక్కువ నవ్వినారట. గాని ఎవరూ అతనికి జవాబు చెప్పలేకపోయినారు. డీకనుగారికి జవాబు చెప్పగలిగినవారును లేరు. అందుచేతనే ఆ ప్రశ్న మా యొద్దకు వచ్చినది.

ఇద్దరి మాటలోను న్యాయమున్నట్టు కనబడుచున్నది. అందుకే తొందరపడి ఒకరివైపు తీర్పు చెప్పక, కొనుట అనగా ఏమిటో మొదట చూడవలెను.

పరిశుద్ధ గ్రంథములో కొనుగోలును గూర్చి వివరముగా చెప్పిన తావులు రెండు మాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. ఆదికాండము 23వ అధ్యాయములో అబ్రాహాము, పరదేశిగా ఉన్న దేశములో, తన భార్యను పాతిపెట్టుటకు మక్పేలా గుహను కొన్నాడు. ఎఫ్రోను మర్యాదకు ఊరకే ఇచ్చెదనన్నను అబ్రాహాము ఒప్పుకొనక, నాలుగువందల తులముల వెండి అందరి యెదుట తూచి ఇచ్చినాడు. వలసవచ్చినవాడు కాబట్టి అతనికి ఆ జాగ్రత్త తెలుసు. దయమీద ఉన్న చోటునుండి రేపు లేచిపొమ్మనవచ్చును. వెల ఇచ్చి కొన్న చోటునుండి అనలేరు. కోలారు బంగారు గనుల కంపెనీ లైన్లలోను, బొంబాయి చాలీలలోను, షోలాపూరు అద్దె గదులలోను కాపురముండిన మన తాతలకు ఈ అధ్యాయమునకు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. రెండవది యిర్మీయా 32వ అధ్యాయము. అనాతోతులోని పొలమును పదియేడు తులముల వెండికి కొని, ముద్ర వేసిన పత్రమును ముద్ర వేయని ప్రతిని కూడ మట్టికుండలో దాచుమని బారూకుతో ప్రవక్త చెప్పినాడు. చాలా దినములు నిలుచుటకు అని కారణము కూడ చెప్పినాడు. పట్టణము శత్రువుల చేతిలో పడబోవుచున్న సమయములో కూడ కొన్నది కొన్నదే అన్న నమ్మకము ఆ కుండలో ఉన్నది.

అయితే లేవీయకాండము 25వ అధ్యాయము మరియొక సంగతి చెప్పుచున్నది, అది మన ప్రశ్నకు ఇంకను దగ్గరగా ఉన్నది. ఇశ్రాయేలీయులలో పొలము అమ్మినప్పుడు సునాద సంవత్సరము వరకు ఎన్ని పంటలు మిగిలినవో లెక్కించి వెల కట్టవలెను. ఏండ్లు ఎక్కువైతే వెల ఎక్కువ, తక్కువైతే తక్కువ. అక్కడ నిజముగా అమ్మబడినది భూమి కాదు, పంటల లెక్క. మన మాటలో చెప్పవలెనంటే అది కౌలు. దేవుడు కౌలును తప్పుపట్టలేదు. దానికి న్యాయమైన కొలత పెట్టినాడు. అమ్మువాడు, కొనువాడు ఇద్దరూ ఏమి చేతులు మారుచున్నదో ముందుగా ఎరిగియుండవలెను, ఆ విషయములో ఒకరినొకరు బాధింపకూడదు అన్నదే ఆ అధ్యాయము కోరునది.

కాబట్టి సంవత్సర చందా అనునది దానంతట అదే పాపమని మేము అనలేము. అలాగు అంటే మన పత్రికయే మొదట మూతపడవలెను.

ఇప్పుడు ఆ కుర్రవాని మాట వినవలెను, అందులో మనకు తెలియని పని కష్టము చాలా ఉన్నది. యాపిల్ కంపెనీ 2008 జూలైలో తన యాప్ స్టోరును తెరిచినది. ఒక్కసారి వెల చెల్లించి యాప్ కొనుట అప్పుడు వాడుకలోనికి వచ్చినది. పుస్తకమువలె, గడియారమువలె కొని జేబులో వేసికొనుట. గాని ఇది గడియారము వంటిది కాదు. ఫోను లోపలి ఏర్పాటును కంపెనీలు ఏటేటా మార్చుచుండును. దానికి తగినట్టు యాప్‌ను మార్చనియెడల ఒకనాటికి అది తెరుచుకొనుట మానివేయును. 2017 సెప్టెంబరులో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32 బిట్ల పద్ధతిలో వ్రాయబడిన పాత యాప్‌లన్నియు ఒక్క దెబ్బతో పనిచేయకపోయినవి. వాటిని తయారు చేసినవారు తిరిగి కూర్చుండి వ్రాయవలసినదే, లేనియెడల విడిచిపెట్టవలసినదే. తిరిగి వ్రాసినందుకు పాత కొనుగోలుదారునియొద్ద తగ్గింపు వెల తీసికొనుటకు ఆ స్టోరులో ఏర్పాటు లేదు. పైగా వచ్చిన ప్రతి వంద రూపాయలలో ముప్పది స్టోరువారికి పోవును. చిన్న వ్యాపారులకు మాత్రము 2021 నుండి ఆ భాగము పదిహేనుకు తగ్గినది. 2016లో యాపిల్ చందా పద్ధతిని అన్ని రకముల యాప్‌లకు తెరిచి, ఒక సంవత్సరము దాటి నిలిచిన చందాదారులనుండి వచ్చిన సొమ్ములో స్టోరు భాగము ముప్పదినుండి పదిహేనుకు తగ్గించెదమని ప్రకటించినది. గాలి ఎటు వీచవలెనో అక్కడే నిర్ణయమైనది. ఇద్దరు ముగ్గురు కూర్చుండి ఒక యాప్ తయారు చేసికొని బ్రదుకువారికి కొత్తగా కొనువారు తగ్గిపోయిన దినమున ఏమి మిగులును? పాతవారందరికి చాకిరి మాత్రమే మిగులును. పనివాడు తన జీతమునకు పాత్రుడని లూకా 10లో ప్రభువు చెప్పిన మాట పాస్టరులకు మాత్రమే చెప్పబడినదని మనము తలంచరాదు.

ఇంకొక మేలు కూడ ఉన్నది. అడోబి కంపెనీవారి ఫోటోషాప్ సి.ఎస్.6 2012లో 699 డాలర్లు. ఆ వెల పెట్టగల స్టూడియో మన వీధులలో ఎక్కడ ఉన్నది? 2013 మే నెలలో ఆ కంపెనీ ఇకమీదట కొత్త వెర్షన్లు విడిగా అమ్మబోమని, చందాకు మాత్రమే ఇచ్చెదమని ప్రకటించినప్పుడు లోకమంతట గగ్గోలు పుట్టినది. అయినను తరువాత ఫోటోగ్రాఫర్ల కొరకు నెలకు 9.99 డాలర్ల పథకము పెట్టినప్పుడు, దొంగ కాపీతో నెట్టుకొనివచ్చిన అనేకులకు మొదటిసారి నిజాయితీగా వాడుకొనుటకు వీలు కలిగినది. ఒకేసారి మూట విప్పలేనివానికి కొద్దికొద్దిగా ఇచ్చుట సుళువు. దీనిని కూడ లెక్కలో వేయవలెను.

ఈ అడోబి మాట వచ్చినది గనుక ఒక చిన్న ఒప్పుకోలు. మన సంఘ పత్రికలు, కన్వెన్షన్ కరపత్రములు, పెండ్లి పత్రికలు ఇంచుమించు అన్నియు ఆ రోజులలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చబడినవే. 1985లో ఆల్డస్ అను కంపెనీ తెచ్చిన ఆ పేజ్‌మేకర్ 1994లో అడోబి చేతికి వచ్చినది. 2001లో వచ్చిన ఏడవ వెర్షనే ఆఖరిది. ఆ ప్రోగ్రామును, ఆ ఫాంట్లను వెల ఇచ్చి కొని వాడిన డీటీపీ సెంటర్లు ఎన్ని? పక్క దుకాణమునుండి ఫ్లాపీలోను, సీడీలోను తెచ్చి ఎక్కించుకొన్నవారు ఎన్ని? మనము ఆ సంగతి అడుగక “ప్రభువు పని” అని తక్కువ రేటుకు ముద్రింపించుకొన్నాము. ఇవాళ ఒక యాప్ సంవత్సరమునకు ఇంత ఇయ్యమన్నప్పుడు మనకు వచ్చిన కోపములో, ఇతరుల తలకష్టము ఊరకే దొరకవలెనన్న పాత అలవాటు ఎంత కలిసియున్నదో పరీక్షించుకొనుట మంచిది. ఒక సంఘము ఒకే కొనుగోలును పదునెనిమిది ఫోనులలో పాస్‌వర్డు పంచుకొని వాడుచున్నట్టు కూడ మాకు తెలియవచ్చినది. పేరు వ్రాయము. వారు ఈ పత్రిక చదువుదురు.

ఇంతవరకు కుర్రవాని పక్షము. అయితే అతని పోలికలో ఒక లోపమున్నది. పాస్టరుగారికి మనము ఒక్క నెల జీతమిచ్చి జీవితమంతయు వాక్యము చెప్పమని అడుగలేదు. ఆయనయు అలాగు చెప్పెదనని మాట ఇయ్యలేదు. ఈ యాప్‌వారు ఇచ్చినారు. ఎప్పటికీ మీదే అని వ్రాసినది మనము కాదు, వారే. ఆ మాట చూచియే డీకన్లు తీర్మానము చేసినారు. అది అజాగ్రత్తగా ఇచ్చిన మాట కావచ్చును. లాభము లేని మాట కావచ్చును. తెలియక ఇచ్చిన మాటకు నష్టము ఎవరు భరించవలెను? అసలు తగవు ఇక్కడ ఉన్నదని మేము తలంచుచున్నాము.

ఈ ప్రశ్నను మేము ఇతరుల విషయములో అడుగుట సులభము. గాని ఇది మాకు కూడ తగులును. పాత పాఠకులకు జ్ఞాపకముండును, మన పత్రికకు ఒకప్పుడు జీవిత చందా ఉండేది. ఒకసారి చెల్లించినవారికి వారు జీవించినంతకాలము పత్రిక పంపెదమని ప్రతి సంచిక వెనుక అట్టమీద అచ్చువేసినాము. ఆ సొమ్ము వచ్చినప్పుడు సంతోషించి, దానితో కాగితము కొన్నాము. కాగితము వెల, ముద్రణ ఖర్చు, తపాలా ఖర్చు ఆ రోజులలో ఉన్నట్టే ఉండునని ఎవరు తలంచినారో తెలియదు. బహుశ ఎవరును ఆలోచింపలేదు. తరువాత ఒక కమిటీ కూటములో, జీవిత చందాదారులు కూడ ఇకనుండి ఏటా ఇంత చెల్లించవలెను, చెల్లించనివారి పేర్లు తీసివేయవలెను అని ప్రతిపాదన వచ్చినది. లెక్క ప్రకారము అది సరియైన ప్రతిపాదనే. కోశాధికారిగారు కాగితముమీద చూపించినారు కూడ. అప్పుడు ఒక పెద్దాయన లేచి, 15వ కీర్తనలో దేవుని గుడారములో ఉండదగినవాడు ఎటువంటివాడని చెప్పబడినదో ఒకసారి చదువుకొని రండి అని కూర్చున్నారు. ప్రమాణము చేసినందువలన నష్టము కలిగినను మాట తప్పనివాడు అన్నది అందులో ఒక గురుతు. ప్రతిపాదన వీగిపోయినది.

అయితే నష్టము మాత్రము పోలేదు. దానిని ఎలాగు భరించినాము? కొత్తగా జీవిత చందా తీసికొనుట మానివేసినాము. పుటలు తగ్గించినాము. పాత జీవిత చందాదారులకు ఒక ఉత్తరము వ్రాసి, మీకు పత్రిక వచ్చుచునే యుండును, ఇష్టమైనవారు కానుకగా పంపవచ్చును అని తెలియజేసినాము. కొందరు పంపినారు, అనేకులు పంపలేదు. పంపనివారికి కూడ పత్రిక పోవుచున్నది. దీనిని గొప్పగా చెప్పుకొనుటకు వ్రాయుట లేదు; ఒక్క మనిషి లేచి మాట్లాడనియెడల మేమును అదే పని చేసియుందుము.

వ్యాపారములో కూడ ఈ దారి అసాధ్యము కాదని చూపినవారున్నారు. చెక్ దేశములోని జెట్‌బ్రెయిన్స్ అను కంపెనీ ప్రోగ్రాములు వ్రాయువారికి పనిముట్లు చేయును. 2015 సెప్టెంబరులో అంతయు చందా పద్ధతికి మార్చెదమని ప్రకటించగా వాడువారు గట్టిగా అభ్యంతరము చెప్పినారు. కొద్ది దినములలోనే ఆ కంపెనీ తన ఏర్పాటును సవరించుకొన్నది. ఒక సంవత్సరము చందా పూర్తిగా కట్టినవాడు తరువాత కట్టుట మానినను, ఆ సంవత్సరము మొదట ఉన్న వెర్షను అతనికి శాశ్వతముగా ఉండును. కొత్త మార్పులు కావలెనంటే మాత్రము చందా. మా బుద్ధికి ఇది లేవీయకాండపు కొలతకు చాలా దగ్గరగా తోచుచున్నది. 2021 నవంబరులో నోట్స్ వ్రాసికొనుటకు వాడబడే నోటబిలిటీ యాప్‌వారు పాత కొనుగోలుదారులకు ఒక్క సంవత్సరము గడువిచ్చి ఆపై చందా అన్నారు. కేకలు పుట్టినవి. వెంటనే వెనుకకు తగ్గి, ముందుగా కొన్నవారికి అప్పటివరకు ఉన్న సౌకర్యములు పోవని చెప్పినారు. మన పాస్టరులలో కొందరు వాడే లోగోస్ బైబిల్ సాఫ్ట్‌వేర్ కూడ 2024లో చందా పద్ధతికి మారినది. పూర్వము కొన్న పుస్తకములు కొన్నవారికే ఉండును, కొత్త సౌకర్యములకు మాత్రము చందా. అందరికీ ఇది ఇష్టము కాలేదు గాని, కొన్నదానిని తీసివేయలేదు గదా.

ఇక్కడ ఎవరైనను అడుగవచ్చును. అలాగు మాట నిలుపుకొంటే ఆ చిన్న కంపెనీ మూతపడిపోవునే, అప్పుడు ఎవరికి లాభము? న్యాయమైన ప్రశ్న. దానికి మా జవాబు ఇది. ఇల్లు అమ్మినవాడు ఏటేటా వచ్చి కప్పు బాగుచేయవలెనని ఎవరును అనరు. కప్పు కురిస్తే అది కొన్నవాని పాట్లు. అలాగే కొత్త ఫోనులో పాత యాప్ నడువకపోయినయెడల మనము అమ్మినవానిని తిట్టుట తగదు. ఎప్పటికీ అన్నమాటకు ఆ మాత్రపు హద్దు ఉండక తప్పదు. అయితే కప్పు బాగుచేయకుండుట వేరు, వచ్చి తాళము మార్చుట వేరు. ఆ సంఘము యాప్ పాతబడి చెడిపోలేదు. బాగుగానే పనిచేయుచున్నది. పనిచేయుచున్నదానికి తాళము వేసినారు. డీకనుగారు చెప్పిన ఇంటి పోలిక ఇక్కడ సరిగా సరిపోవుచున్నది.

లాబాను యొద్ద యాకోబు చేసిన ఫిర్యాదు కూడ ఇటువంటిదే. జీతము పదిమార్లు మార్చినాడని ఆదికాండము 31లో అతడు చెప్పినాడు. ప్రతిమారును లాబానుకు ఏదో ఒక కారణము ఉండియుండును. కరవో, మందల నష్టమో. కారణము లేక మాట మార్చువాడు అరుదు. యాకోబు బాధ జీతము తక్కువైనందుకు మాత్రమే కాదు. రేపు ఏ మాటమీద నిలబడవలెనో తెలియకుండ ఇరువది ఏండ్లు పరాయి చోట పనిచేయవలసి వచ్చినందుకు.

వీటన్నిటికంటె మమ్మును ఎక్కువగా కలతపెట్టిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ తాళము దేనికి వేసినారు? యాప్ వారిదే, ఒప్పుకొందము. గాని లోపల ఉన్న పుటలు ఎవరివి? ఆ అమ్మగారి పెండ్లి వారి సొత్తు కాదు. ఆమె, ఆమె భర్త, సాక్షులిద్దరు, అప్పటి పాస్టరుగారు చేసిన సంతకములు వారి సొత్తు కావు. ద్వితీయోపదేశకాండము 24లో తిరుగలిని తాకట్టు పట్టరాదని ఆజ్ఞ ఉన్నది. అప్పు ఇచ్చినవాడు తాకట్టు అడుగవచ్చును, గాని తిరుగలి అడుగరాదు, ఏలయనగా ఆ ఇంటివారి ప్రాణము దానిమీద ఉన్నది. బాకీ న్యాయమైనదే కావచ్చును. అయినను కొన్నిటిని పట్టుకొని వసూలు చేయకూడదు. చందా కట్టనివానికి కొత్త పుటలు చేర్చుటకు వీలులేకుండ చేయండి, అందమైన సౌకర్యములు తీసివేయండి. అతడు దాచుకొన్నదానిని అతనికి తిరిగి ఇచ్చి పంపండి. ఒక విధవరాలు పెన్షను కొరకు నిలబడియుండగా ఆమె వివాహ పత్రమును ముందుంచుకొని డబ్బు అడుగుట, అడుగుచున్నది మనిషి కాదు యంత్రమే అయినను, మాకు తిరుగలిని తాకట్టు పట్టినట్టే తోచుచున్నది. ఆ యంత్రమును అలాగు అమర్చినది మనుష్యులే గదా. బెంగళూరు కుర్రవానికి మేము ఈ మాట వ్రాసినాము. “అది మాత్రము తప్పే, అంకుల్. దానికి నా దగ్గర జవాబు లేదు” అని అతడు తిరిగి వ్రాసినాడు.

మన తప్పు కూడ అక్కడే ఉన్నది. మూడు తరముల సాక్ష్యమును ఒక్క ఫోనులో, ఒక్క యాప్‌లో ఉంచి ఏడేండ్లు నిశ్చింతగా నిద్రపోయినాము. బారూకు రెండు ప్రతులు చేసి కుండలో పెట్టినాడు.

పెద్దవయసువారి కొరకు ఒక మాట చెప్పి ముగింతుము. పిల్లలు వేరే ఊళ్లలో ఉండి, ఫోను చేతికిచ్చి వెళ్లిన ఇండ్లలో, ఏదో నొక్కినందున నెలనెలా బ్యాంకులోనుండి డబ్బు పోవుచున్నదని అనేకులు మాతో చెప్పినారు. మొదటి ఏడు దినములు ఉచితము అని చెప్పి, ఎనిమిదవ దినమునుండి కోసికొనువారు కొందరు. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము 2021 అక్టోబరు 1 నుండి కార్డులమీద ఇటువంటి విడత చెల్లింపులు కోయుటకు కనీసము 24 గంటల ముందు మీకు కబురు రావలెను. ఆ కబురులోనే ఆపివేయుటకు దారి ఉండవలెను. ఒ.టి.పి. లేకుండ కోయగల పరిమితి అప్పుడు 5,000 రూపాయలు, 2022 జూన్‌లో 15,000 అయినది. అందుచేత ఆ మెసేజీలను చూడకుండ తుడిచివేయకండి, మనుమల చేతనైనను చదివించుకొనండి. యు.పి.ఐ. ఆటోపేలో ఇచ్చిన అనుమతులు ఆ యాప్‌లోనే కనబడును. అక్కడే రద్దు చేసికొనవచ్చును. చందాలోనికి సుళువుగా దింపి బయటకు రానియ్యకుండ చేయుటను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకములలో పదమూడు మోసపు పద్ధతులలో ఒకటిగా పేర్కొన్నది. కాబట్టి ఫిర్యాదు చేయుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇక ఆ సంఘము సంగతి. కార్యదర్శిగారు కట్టిన చందా గడువు తీరులోపల ప్రతి పుటను బయటకు తీయవలెనని డీకన్లు తీర్మానించినారు. ఆయన కట్టిన సొమ్ము సంఘ ఖాతానుండి ఆయనకు తిరిగి ఇచ్చినారు. ఆయన దానిని కానుకల పెట్టెలో వేసినారు. స్త్రీల సమాజమువారు దళసరి అట్ట రిజిస్టర్లు మూడు కొని, రోజుకు ఇద్దరు చొప్పున కూర్చుండి చేతితో వ్రాయుచున్నారు. బాప్తిస్మముల పుస్తకము పూర్తియైనది. వివాహములది సగము అయినది. ఆ అమ్మగారు కూడ శనివారములలో వచ్చి, పాత చేవ్రాలు చదువలేని పిల్లలకు పేర్లు చదివి చెప్పుచున్నారు. సమాధుల పుస్తకము ఇంకను మొదలుపెట్టవలెను.

మన పత్రిక జీవిత చందాదారులలో విలాసము మారినవారు, లేదా చందాదారు ప్రభువునందు నిద్రించిన ఇంటివారు, దయచేసి పత్రిక కార్యాలయమునకు ఒక కార్డు వ్రాయగలరు. గత ఏడాది తిరిగివచ్చిన ప్రతులు మా యొద్ద కట్టలుగా ఉన్నవి, కావలసినవారికి పంపెదము.